సంతకానికి ముందే కావలసిన న్యాయవాది

వినోదరంగ న్యాయవాది అనగానే హైదరాబాదులోనో ముంబయిలోనో కార్యాలయం ఉండి, అగ్రతారల పారితోషికాల మీద, ఓటీటీ సంస్థల కోట్ల రూపాయల ఒప్పందాల మీద పనిచేసే వ్యక్తి రూపమే చాలామందికి స్ఫురిస్తుంది. ఆ ఒప్పందాలకు ముడిసరుకైన కథ, పాట, పద్యం, శిల్పం, గొంతు తరచు పుట్టేది మాత్రం చిన్న ఊళ్లలో. వాటి మీది హక్కులు చేజారేదీ అక్కడే. తీర్పు దాకా వెళ్లి ఓడిపోవడం ఒక ఎత్తయితే, చదవకుండా చేసిన సంతకంతో తీర్పు అడిగే అర్హతనే వదులుకోవడం మరొక ఎత్తు. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతపు సాహిత్య, రంగస్థల, చలనచిత్ర చరిత్రను ఈ కోణంలో పరిశీలిస్తే, మేధోసంపత్తి న్యాయవాదుల అవసరం ఇలాంటి పట్టణాల్లోనే అధికమని, ఆ వృత్తి సారం దావా నడపడంలోకన్నా ఒప్పందం రాయడంలోనే ఉందని తేలుతుంది.

కళ, న్యాయం కలిసిన నేల

ఈ ప్రాంతం తెలుగువారికి ఇచ్చిన కళాసంపద చిన్నది కాదు. బెంగాలీ నుంచి శరత్ నవలలను తెలుగు చేసి, విజయా సంస్థ చిత్రాల వెనుక, ‘చందమామ’ పత్రిక వెనుక నిలిచిన చక్రపాణి, ఆ పత్రికను దశాబ్దాలపాటు తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు తెనాలిలో పుట్టినవారే. నటులు కృష్ణ బుర్రిపాలెం నుంచి, గుమ్మడి రావికంపాడు నుంచి, జగ్గయ్య మోరంపూడి నుంచి వెళ్లారు. ఇవన్నీ తెనాలి చుట్టుపక్కల గ్రామాలు. స్త్రీ పాత్రల అభినయంతో చరిత్రకెక్కిన స్థానం నరసింహారావు బాపట్లలో జన్మించి, తెనాలి రంగస్థలానికి పేరు తెచ్చారు.

న్యాయశాస్త్రం కూడా ఈ కళాజీవితానికి పరాయిది కాదు. డబ్లిన్‌లో బారిస్టరు చదివి వచ్చిన త్రిపురనేని రామస్వామి చౌదరి తెనాలిలో న్యాయవాదిగా, పురపాలక సంఘాధ్యక్షుడిగా ఉంటూనే పద్య నాటకాలు రాశారు. బాపట్లలో న్యాయవాదిగా పనిచేసిన కోన ప్రభాకరరావు ‘ద్రోహి’ (1948) వంటి చిత్రాల్లో నటించి, తరువాత శాసనసభాపతిగా, మహారాష్ట్ర గవర్నరుగా పదవులు నిర్వహించారు. అయితే వీరి జీవితాల్లో న్యాయవాదం ఒక వృత్తి, కళ మరొక వ్యాపకం. కళాకారుడి తరఫున హక్కులను కాపాడటమే ఒక ప్రత్యేక వృత్తి కావచ్చుననే ఆలోచనకు ఆనాటి న్యాయవ్యవస్థలోగానీ, సినీ వ్యాపారంలోగానీ చోటు అంతగా లేదు. ఆ లోటు ఫలితాలను నేటి వారసులు, ప్రచురణకర్తలు, నిర్మాతలు ఎదుర్కొంటున్నారు.

గడువుల లెక్క

కాపీరైట్ అంటే ఒక రచనను ముద్రించడానికి, అనువదించడానికి, ప్రదర్శించడానికి, సినిమాగా మలచడానికి, ప్రసారం చేయడానికి రచయితకు చట్టం ఇచ్చే వేర్వేరు హక్కుల సముదాయం. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రచన పుట్టగానే ఈ హక్కు పుడుతుంది. నమోదు తప్పనిసరి కాదు, కాకపోతే వివాదం వచ్చినప్పుడు నమోదు పత్రం ప్రాథమిక సాక్ష్యంగా అక్కరకొస్తుంది. సాహిత్య, సంగీత రచనలకు ఈ హక్కు రచయిత జీవితకాలమంతా ఉండి, మరణించిన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్లు కొనసాగుతుంది. సినిమాకు మాత్రం విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లే. చట్టంలో రెండు వాక్యాలుగా ఉన్న ఈ నియమాలు ఆచరణలో ఎంత చిక్కు లెక్కలకు దారితీస్తాయో తెనాలి ఉదాహరణలే చూపిస్తాయి.

శరత్ చంద్ర చటర్జీ 1938లో మరణించారు. అప్పటి 50 ఏళ్ల గడువు 1988తో ముగియడంతో, 1992లో గడువును 60 ఏళ్లకు పెంచిన సవరణ ఆయన రచనలకు వర్తించలేదు. కాబట్టి శరత్ నవలను ఎవరైనా కొత్తగా తెలుగులోకి అనువదించుకోవచ్చు, సినిమా తీసుకోవచ్చు. కానీ అనువాదం చట్టం దృష్టిలో మరొక స్వతంత్ర రచన. 1975లో మరణించిన చక్రపాణి అనువాదాల మీద హక్కు 2035 చివరిదాకా ఉంటుంది. మూలం అందరిదైనా తెలుగు పాఠం అందరిదీ కాదన్న ఈ తేడాను గమనించకుండా పాత పుస్తకాన్ని తిరిగి అచ్చువేసే ప్రచురణకర్త చిక్కుల్లో పడతాడు. తెనాలిలో చాలాకాలం గడిపిన త్రిపురనేని గోపీచంద్ 1962లో మరణించారు గనుక, ‘అసమర్థుని జీవయాత్ర’ వంటి ఆయన నవలలు 2023 జనవరి 1 నుంచి ఎవరైనా ప్రచురించదగినవయ్యాయి. 1980లో మరణించిన కుటుంబరావు రచనలకు ఆ స్థితి 2041లో గానీ రాదు.

సినిమా విషయంలో చిక్కు ఇంకా ఎక్కువ. నాగిరెడ్డి, చక్రపాణి నిర్మించిన ‘గుండమ్మ కథ’ 1962లో విడుదలైంది. చలనచిత్రంగా దాని గడువు 2022 చివరతో ముగిసింది. అందులోని పాటల సాహిత్యం 1971లో మరణించిన పింగళి నాగేంద్రరావుది కాబట్టి ఆ సాహిత్యం మీది హక్కు, అది ఎవరి చేతిలో ఉన్నా, 2031 చివరివరకు బతికే ఉంటుంది. ఘంటసాల సంగీతానికి 2034 వరకు, 2006లో మరణించిన డి.వి. నరసరాజు సంభాషణలకు 2066 వరకు గడువు ఉంది. సినిమా మీది హక్కు తీరిపోయిందని భావించి దానిని అంతర్జాలంలో పెట్టే వ్యక్తికి గానీ, దాని ఆధారంగా కొత్త చిత్రం తీయదలచిన నిర్మాతకు గానీ ఈ పొరలను విడదీసి చెప్పగలిగినవాడే వినోదరంగ న్యాయవాది.

పత్రికల కోసం రాసిన రచనల సంగతి వేరు. జీతం మీద పత్రికలో పనిచేస్తూ రాసిన రచన విషయంలో, వేరే ఒప్పందం లేకపోతే, పత్రికల్లో ప్రచురించుకునే హక్కు మాత్రమే యజమానికి చెందుతుందని, పుస్తకం, సినిమా వంటి మిగిలిన హక్కులు రచయితకే ఉంటాయని చట్టంలోని 17వ సెక్షను చెబుతుంది. పేరు లేకుండా అచ్చయిన రచనకైతే గడువు ప్రచురణ తేదీ నుంచే లెక్కకొస్తుంది. ఆ గడువు తీరేలోపు రచయిత ఎవరో వెల్లడైతే లెక్క ఆయన మరణ సంవత్సరానికి మారుతుంది. ‘చందమామ’ వంటి పత్రికల్లో దశాబ్దాలపాటు సంతకం లేకుండా వచ్చిన కథల యాజమాన్యం తేల్చాలంటే సంపాదకీయ కాగితాలు, నియామక పత్రాలు, జీతాల చిట్టాలు వెతకక తప్పదు. ఈ వృత్తిలో సాహిత్య చరిత్ర పరిజ్ఞానం కూడా న్యాయ పరిజ్ఞానమేనని ఇక్కడ రుజువవుతుంది.

రంగస్థలం, శిల్పశాల

స్థానం నరసింహారావు కీర్తికి పర్యాయపదంగా మారిన ‘మీరజాలగలడా’ పాట ఆయన రచనగానే ప్రసిద్ధం. అది చోటుచేసుకున్న ‘శ్రీకృష్ణ తులాభారం’ నాటకకర్త ముత్తరాజు సుబ్బారావు. 1966లో అదే పేరుతో వచ్చిన చిత్రానికి సంగీతం పెండ్యాలది, తెరమీద ఆ పాటకు గొంతు పి. సుశీలది. నాటకం, పాట, సంగీతం, గానం అనే నాలుగింటికీ నలుగురు హక్కుదారులు ఉండగలరన్న విషయాన్ని ఇంతకన్నా స్పష్టంగా చూపే ఉదాహరణ అరుదు. పాట రాసినందుకు స్థానం వారసులకు 2031 చివరిదాకా హక్కు ఉండవచ్చు గానీ, నటించి పాడినందుకు మాత్రం ఆయన కాలంలో చట్టం ఏ హక్కూ ఇవ్వలేదు. ప్రదర్శకుల హక్కు, అంటే తన ప్రదర్శనను రికార్డు చేయడానికి, ప్రసారం చేయడానికి అనుమతి ఇచ్చే లేదా నిరాకరించే అధికారం, 1994 సవరణతో గానీ మన చట్టంలోకి రాలేదు. నటుడు, గాయకుడు, నర్తకుడితోపాటు ఇంద్రజాలికుణ్ణి, పాములాడించేవాణ్ణి కూడా చట్టం ప్రదర్శకుడిగానే గుర్తించింది. ఈ హక్కు గడువు ఇప్పుడు 50 ఏళ్లు. ఊరూరా జరిగే పద్య నాటకాలను సెల్‌ఫోన్లతో చిత్రీకరించి యూట్యూబు చానళ్లలో పెట్టి ప్రకటనల ఆదాయం పొందుతున్న ఈ రోజుల్లో, వేదిక ఎక్కిన నటుడికి అందులో వాటా అడిగే అధికారం ఉందన్న సంగతి నాటక పరిషత్తుల నిర్వాహకులకూ నటులకూ తెలియడం లేదు.

తెనాలికి విగ్రహాల తయారీ మరొక ప్రతిష్ఠ. ఇక్కడి శిల్పశాలల్లో మలచిన నాయకుల, నటుల, దేవతల విగ్రహాలు దూర ప్రాంతాలకు వెళుతుంటాయి. డబ్బు ఇచ్చి చేయించుకున్నవాడికే హక్కులన్నీ వస్తాయని సాధారణ నమ్మకం. చట్టం ఫొటో, వర్ణచిత్రం, రూపచిత్రం, చెక్కుడు ముద్ర, సినిమా విషయంలో మాత్రమే సొమ్ము ఇచ్చి పురమాయించినవారిని తొలి యజమానిగా పేర్కొంది. ఆ జాబితాలో శిల్పం పేరు లేదు. అంటే వేరుగా రాసుకోకపోతే విగ్రహం కొన్నవారిదే అయినా, ఆ రూపం మీది కాపీరైట్ శిల్పిదే. బహిరంగ స్థలంలో శాశ్వతంగా నిలిపిన విగ్రహానికి ఎవరైనా ఫొటో తీయవచ్చు, బొమ్మ గీయవచ్చు. దాని నుంచి అచ్చు తీసి మరొక విగ్రహం పోయడానికి మాత్రం ఆ మినహాయింపు చాలదు. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ కేసులో ఢిల్లీ హైకోర్టు 2005లో ఇచ్చిన తీర్పు ప్రతి శిల్పశాల గోడ మీదా ఉండదగినది. విజ్ఞాన్ భవన్‌లోని ఆయన కాంస్య కుడ్యశిల్పాన్ని 1979లో తొలగించి పాడుచేసిన ప్రభుత్వాన్ని, ఆ శిల్పాన్ని ఆయనకే తిరిగి అప్పగించి 5 లక్షల రూపాయల పరిహారం చెల్లించమని కోర్టు ఆదేశించింది. కాపీరైటును ఇతరులకు రాసిచ్చినా కృతి వికృతం కాకుండా అడ్డుకునే ఈ అధికారాన్ని రచయిత నైతిక హక్కు అంటారు.

ఒప్పందంలో ఉండవలసినవి

కాపీరైటును పూర్తిగా బదలాయించడాన్ని దఖలు అని, యాజమాన్యం తన వద్దే ఉంచుకుని పరిమితమైన వాడకానికి అనుమతి ఇవ్వడాన్ని లైసెన్సు అని వ్యవహరిస్తారు. దఖలు పత్రం రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఏ రచన, ఏ హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతం, ఎంత రాయల్టీ అన్నవి అందులో స్పష్టం కావాలి. కాలం రాయకపోతే అయిదేళ్లని, ప్రాంతం రాయకపోతే భారతదేశమని చట్టమే భావిస్తుంది. ‘సర్వహక్కులూ శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అనే ఒక్క వాక్యంతో ఈ రక్షణలన్నీ తొలగిపోతాయి. చిన్న ఊరి రచయిత ముందుకు వచ్చే ఆంగ్ల పత్రంలో తరచు కనిపించేదీ అలాంటి వాక్యమే.

సుప్రీంకోర్టు 1977లో ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ కేసులో, సినిమా కోసం పురమాయించి రాయించిన పాట మీద, వేరే ఒప్పందం లేకపోతే నిర్మాతదే యాజమాన్యమని తేల్చింది. గీతరచయితలు, స్వరకర్తలు చాలాకాలం చేసిన పోరాటం ఫలితంగా 2012లో పార్లమెంటు చట్టాన్ని సవరించి, థియేటర్లలో సినిమాతోపాటు జరిగే ప్రదర్శన తప్ప మిగిలిన వాడకాలన్నిటిలో రాయల్టీలో సమాన వాటా పొందే హక్కును వారు వదులుకోవడానికి కూడా వీల్లేకుండా చేసింది. ఒప్పందం నాటికి లేని మాధ్యమాన్ని పేరు పెట్టి ప్రస్తావించకపోతే ఆ మాధ్యమపు హక్కు దఖలు కానట్టేనన్నది అదే సవరణలోని మరొక రక్షణ. రచయిత రాయల్టీ పొందాలంటే రాయల్టీలు వసూలు చేసి పంచే కాపీరైట్ సంఘంలో సభ్యత్వం తీసుకోవాలి, ప్రతి పాటనూ తన పేరుతో నమోదు చేయించుకోవాలి. చట్టం ఇచ్చిన సొమ్ము చేతికి రావడానికి ఈ కాగితాల పని తప్పనిసరి.

ఏ కోర్టుకు వెళ్లాలి?

కాపీరైట్ ఉల్లంఘన మీద సివిల్ దావాను జిల్లా కోర్టు కన్నా కింది స్థాయిలో వేయడానికి వీల్లేదు. అయితే హక్కుదారు తాను నివసించే చోటి జిల్లా కోర్టులోనే దావా వేయవచ్చని 62వ సెక్షను వెసులుబాటు కల్పించింది. హైదరాబాదు నిర్మాత మీద వ్యాజ్యానికి తెనాలి రచయిత హైదరాబాదు వెళ్లనక్కర లేదు. క్రిమినల్ ఫిర్యాదును ప్రథమ శ్రేణి మేజిస్ట్రేటు విచారించవచ్చు గనుక రేపల్లె వంటి చిన్న కోర్టు కేంద్రంలోని న్యాయవాదికి కూడా ఈ పని అందుబాటులోనిదే. ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలుశిక్షకు వీలున్న ఈ నేరంలో పోలీసులు నేరుగా కేసు నమోదు చేయవచ్చని సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది.

కోర్టుకు వెళ్లినంత మాత్రాన రచయితే గెలుస్తాడని లేదు. ‘హమ్ హిందూస్తానీ’ నాటకానికి ‘న్యూ ఢిల్లీ’ సినిమా అనుకరణ అంటూ నాటకకర్త ఆర్.జి. ఆనంద్ వేసిన కేసును సుప్రీంకోర్టు 1978లో తోసిపుచ్చుతూ, ఆలోచన మీద ఎవరికీ హక్కు ఉండదని, దాన్ని వ్యక్తీకరించిన తీరు మీదే ఉంటుందని సూత్రీకరించింది. 2015లో కేవలం శీర్షిక మీద కాపీరైట్ లేదని చెప్పింది. బుర్రిపాలెం కుటుంబానికి చెందిన మహేశ్‌బాబు నటించిన ‘శ్రీమంతుడు’ ఒక నవలకు అనుకరణ అన్న ఆరోపణ మీద నడుస్తున్న క్రిమినల్ కేసును కొట్టివేయడానికి తెలంగాణ హైకోర్టు నిరాకరించగా, 2024 జనవరిలో సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు. ఆరోపణ నిజమా కాదా అన్నది ఆ ఉత్తర్వులతో తేలలేదు. కథ చెప్పిన తేదీ, ఎవరికి చెప్పారన్న ఆధారం, రాతప్రతి పంపిన మెయిలు లేనప్పుడు ఇలాంటి కేసులు ఏళ్లతరబడి సాగుతాయి. ఆ ఆధారాలను వివాదానికి ముందే సిద్ధం చేయించడం న్యాయవాది బాధ్యత.

సినిమాకు అవతల

సినిమా, సాహిత్యం మాత్రమే నమ్ముకుంటే చిన్న పట్టణంలో ఈ వృత్తి జరుగుబాటు కష్టం. మేధోసంపత్తి పరిధి అంతకన్నా విశాలం కావడమే ఇక్కడి న్యాయవాదికి ఆసరా. 1986లో విడుదలై దేశమంతటా సాంబ మసూరిగా పేరొందిన బి.పి.టి. 5204 వరి వంగడం బాపట్ల పరిశోధన కేంద్రంలో రూపొందింది. వంగడాల మీద హక్కులను 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం నిర్ణయిస్తుంది. రైతు తాను పండించిన విత్తనాన్ని దాచుకోవడానికి, మార్చుకోవడానికి, బ్రాండు ముద్ర లేకుండా అమ్ముకోవడానికి ఆ చట్టం అధికారం ఇచ్చింది. రైస్ మిల్లు సంచి మీది పేరు, మిఠాయి దుకాణం పేరు, కోచింగ్ సెంటరు గుర్తు ట్రేడ్‌మార్క్ కిందికి వస్తాయి. వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము 4,500 రూపాయలు, సాహిత్య రచన కాపీరైట్ నమోదుకు 500 రూపాయలు. పెళ్లిలో పాటలు వేసినందుకు లైసెన్సు తీసుకోవాలని నోటీసు అందుకున్న కల్యాణ మండపం యజమానికి, వివాహ సంబంధమైన వేడుకలను చట్టమే మినహాయించిందని చెప్పగలగడం కూడా ఈ వృత్తిలో భాగమే.

గొంతుకూ ముఖానికీ యజమాని

కృత్రిమ మేధతో గొంతును, ముఖాన్ని నకలు చేయడం తేలికైన తరువాత ఈ వృత్తికి కొత్త అధ్యాయం మొదలైంది. పేరు, రూపం, గొంతును అనుమతి లేకుండా వ్యాపారానికి వాడకుండా అడ్డుకునే హక్కును వ్యక్తిత్వ హక్కు అంటారు. దీనికి ప్రత్యేక చట్టం లేదు, న్యాయస్థానాల తీర్పులే ఆధారం. 2025లో నాగార్జునకు ఢిల్లీ హైకోర్టు, చిరంజీవికి హైదరాబాదు సివిల్ కోర్టు ఇలాంటి రక్షణ ఉత్తర్వులు ఇచ్చాయి. మరణించిన నటుల విషయం అంత తేలిక కాదు. ఈ హక్కు వ్యక్తితోనే ముగుస్తుందని ఢిల్లీ హైకోర్టు 2023లో సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ కేసులో అభిప్రాయపడింది. ఈ స్థితిలో, ప్రతి డబ్బింగ్ కళాకారుడి ఒప్పందంలోనూ ‘ఈ గొంతుతో కృత్రిమ మేధకు శిక్షణ ఇవ్వరాదు’ అన్న షరతు చేర్చడం తీర్పుల కోసం ఎదురుచూడటంకన్నా మేలు.

వృత్తికి దారి

మూడేళ్ల లేదా అయిదేళ్ల న్యాయ పట్టా, బార్ కౌన్సిల్ నమోదు, అఖిల భారత బార్ పరీక్ష అందరు న్యాయవాదులకూ ఉమ్మడి మెట్లు. పేటెంట్ ఏజెంటు కావాలంటే విజ్ఞానశాస్త్రంలోనో ఇంజనీరింగులోనో పట్టా, మరొక పరీక్ష అదనం. హైదరాబాదులోని నల్సార్, విశాఖలోని దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయాల్లో చదివినవారు పెద్ద సంస్థల వైపు వెళ్లడం సహజమే. భూమి తగాదాలు, ప్రామిసరీ నోట్లు, చెక్ బౌన్సు కేసుల మీద ఆధారపడిన జిల్లా న్యాయవాదికి మేధోసంపత్తి మొదట్లో పక్క ఆదాయం మాత్రమే అవుతుంది. ప్రకటనలతో కక్షిదారులను ఆకర్షించడం బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం కాబట్టి, పనితనం నోటిమాటగా వ్యాపించేదాకా ఓర్పు కావాలి. ఈ పనిలో రాణించడానికి చట్టం ఎంత తెలియాలో, సినిమా వ్యాపారపు లెక్కలు, నైజాం, సీడెడ్ వంటి పంపిణీ ఏరియాల విభజన, శాటిలైట్, డబ్బింగ్, రీమేక్ హక్కుల తేడాలు అంత తెలియాలి.

వ్యక్తుల చొరవకు సంస్థల తోడ్పాటు కూడితేనే ఈ వృత్తి ఇక్కడ నిలుస్తుంది. గుంటూరు, బాపట్ల జిల్లాల బార్ అసోసియేషన్లు, రచయితల, నాటక సంఘాలు కలిసి తెలుగులో నమూనా ఒప్పందాలు తయారుచేయాలి. ఆంగ్ల పత్రం మీద సంతకం చేసే ప్రతి కళాకారుడికీ తెలుగు పాఠం ఇవ్వడం ఆనవాయితీ కావాలి. 1987 నాటి న్యాయసేవల చట్టం కింద మహిళలకు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారికి, అల్పాదాయ వర్గాలకు లభించే ఉచిత సహాయంలో, కేసు వాదించడంతోపాటు ఒప్పందం చదివి చెప్పడాన్ని కూడా జిల్లా న్యాయసేవాధికార సంస్థలు చేర్చాలి. న్యాయ కళాశాలలు విద్యార్థులకు ఊహా సమస్యలకు బదులు తమ ప్రాంతపు రచయితల హక్కుల గడువులను, వారసులను గుర్తించి పట్టిక తయారుచేసే పని అప్పగిస్తే, అది విద్యకూ ప్రచురణరంగానికీ ఏకకాలంలో ఉపకరిస్తుంది. ఒక ఒప్పందం చదివించడానికి అయ్యే రుసుము కొద్ది వేల రూపాయలకు మించకపోవచ్చు. చదివించకపోవడం వల్ల పోయేది రచయిత జీవితకాలానికి తోడు మరో 60 ఏళ్ల ఆదాయం. ఈ లెక్క కళాకారులకు తెలియజెప్పడమే చిన్న పట్టణపు మేధోసంపత్తి న్యాయవాదికి మొదటి పని, వృత్తిలో నిలదొక్కుకోవడానికి మొదటి పెట్టుబడి.